మా వైఫై దొడ్డిలో ఐదోది

ఇప్పుడంటే ఫోన్ మోగితే ఎత్తి, ఎవరు, ఏం పని అని మనుషుల్లాగే అడుగుతున్నాను. డిగ్రీ ముగించి ఇంటికొచ్చిన ఆ రోజుల్లో మాత్రం ఫోన్ మోగిందంటే దాన్ని దిండు కింద పెట్టి, ఏడ్చి ఏడ్చి ఊరుకునే దాకా పక్కన కాపలా కూర్చునేదాన్ని. మనుషులంటే ఇష్టం లేక కాదు. మాటలు నోటి దాకా వచ్చి, పళ్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోయి డైరీలో కూర్చునేవి. ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు డైరీలు నిండాయి. అదే ఏడాది మా ఇంట్లోవాళ్లతో నేను మాట్లాడినదంతా రాస్తే అర పేజీ కూడా నిండదు. (అందులో సగం 'ఆకలైతలేదు' అన్న మాటే.)

నల్గొండ హాస్టల్లో మూడేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలిని అందరూ రేడియో అనేవారు. పొద్దున పళ్లు తోముకుంటూ మొదలుపెట్టిన మాట దుప్పటి కప్పుకున్నాక కూడా ఆగేది కాదు. ఆమె నాకు పెట్టిన పేరు మ్యూటు. ఇద్దరికీ ఎలా పొత్తు కుదిరిందా అని వార్డెనమ్మ ఆశ్చర్యపోయేది గానీ, కుదరక ఏం చేస్తుంది? ఒకరికి వినేవాళ్లు కావాలి, ఇంకొకరికి తమ వంతు మాటలు కూడా మాట్లాడిపెట్టేవాళ్లు కావాలి. రెండో ఏడు ఇద్దరం కలిసి హైదరాబాద్ పోయి, ఎవరో వాడి వదిలేసిన గేమ్ డబ్బాల జత ఒకటి కొన్నాం. రెండు చేతుల్తో పట్టుకుంటే మధ్యలో తెర, అటూ ఇటూ మీటలు. అందులో ఒక తోటల ఆట ఉండేది. ఎవరి తోట వాళ్లు పెంచుకోవాలి, ఒకరి తోటకు ఒకరు చుట్టపుచూపుగా పోవచ్చు, చిన్న చిన్న మాటలు రాసి పంపుకోవచ్చు. పక్కపక్క మంచాల మీద కూర్చుని ఆడుకునేవాళ్లం. ఆ తోటలో మాత్రం నేనే వాగుడుకాయను.

డిగ్రీ అయిపోగానే రేడియోకు పోచంపల్లిలో పెళ్లి కుదిరింది. 'నువ్వు నా పక్కన ఉండాలె, లేకుంటే నేను పీటల మీద కూసోను' అంది. బాపు నన్ను చిట్యాలలో బస్సెక్కించాడు, చౌటుప్పల్‌లో మారాను, ఫంక్షన్ హాలు గేటు దాకా చేరాను. లోపల కనీసం నాలుగు వందల మంది. గేటు దగ్గరే వీడియో తీసే ఆయన పెద్ద లైటు నా మొహం మీదికి తిప్పి 'పెండ్లికూతురి దోస్తా? జర నవ్వు చెల్లె' అన్నాడు. నేను నవ్వలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన బస్సులోనే కూర్చుని ఇంటికొచ్చేశాను. ఇంట్లో మాత్రం పెళ్లి బాగా జరిగిందని చెప్పాను. రేడియో రెండు నెలలు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. క్షమాపణ మాత్రం డైరీలో పదమూడు సార్లు, పదమూడు విధాలుగా రాసుకున్నాను.

ఆ తర్వాత ఒక పార్సెల్ వచ్చింది. హాస్టల్ ఖాళీ చేసిన రోజు ఆమె సంచిలోనే ఉండిపోయిన నా గేమ్ డబ్బా. దాంతో ఒక చీటీ: 'ఆదివారం సాయంత్రం ఐదింటికి నా తోటకు రా. నోరు లేకుంటే లేకపాయె, చేతులున్నయి గద. రాకుంటే మాత్రం ఇగ మన దోస్తాన్ ఖతం.' చదివి ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే హాస్టల్లో లాగా పక్కపక్కన కూర్చుని కలుపుకోవడం ఇప్పుడు కుదరదు. ఇద్దరి డబ్బాలూ ఎవరింట్లో వాళ్లు నెట్టుకు కలపాలి. ఆమె చేతిలోది కొత్త కాపురం, కొత్త రౌటరు. నాది బాపు రౌటరు.

ఆ రౌటరు సంగతి చెప్పాలి. మాది గొర్ల మంద. చిట్యాల నుంచి లోపలికి ఉన్న మా పల్లెలో మొట్టమొదటి వైఫై మా ఇంటికే వచ్చిందంటే కారణం నా చదువు కాదు, పొట్టేళ్లు. కరోనా తర్వాత హైదరాబాద్ బేరగాళ్లు పొట్టేలును వీడియోలో చూపించమని అడగడం మొదలుపెట్టారు. బాపు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో వయసు తెలిసేలా పొట్టేలు మూతి తెరిచి పట్టుకుని, 'పండ్లు సూడు సేటూ, ఇంక నాలుగు పండ్లే ఏసింది' అని చూపిస్తుండేవాడు. మేకపిల్లలు వైర్లు కొరుకుతున్నాయని రౌటరును కోడిపిల్లల గంపలో పెట్టి దూలానికి వేలాడదీశాడు. నెల తిరగకముందే ఊళ్లో సగం మంది మా వెనక గోడకు వీపులు ఆనించి ఫోన్లు చూసుకుంటూ కూర్చోసాగారు. వీడియోలో పొట్టేలు ఆగి ఆగి కదులుతుంటే బేరగాడు 'కుంటుతాందా ఏంది?' అన్నాడట. బాపుకు తల కొట్టేసినట్టయింది. వెంటనే కేబులాయనను పిలిపించాడు. కేబులాయన ఇలా వివరించాడు: "ప్రతి ఫోనుకు పుట్టుకతోనే ఒక నంబరుంటది మామా. సర్కారు గొర్లకు చెవికి బిళ్లేసినట్టు. మనం రాసుకున్న బిళ్లలనే లోపలికి రానిస్తది. పాస్‌వర్డు ఎరుకున్నా సరే, బయటోడు బయటనే." ఇంతకన్నా మంచి మాట బాపు జన్మలో విని ఉండడు. "నాదొకటి, మీ అత్తదొకటి, బిడ్డదొకటి, టీవీ ఒకటి. నాలుగంటే నాలుగే" అని తేల్చేశాడు. అప్పటి నుంచి కేబులాయన నెలకోసారి వచ్చినప్పుడల్లా, సాయంత్రం దొడ్డి తలుపు దగ్గర గొర్లను లెక్కపెట్టుకున్నంత శ్రద్ధగా, "ఎన్నున్నయిరా?" అని అడిగేవాడు. ఆయన ఫోన్లో చూసి, "నాలుగే మామా" అనేవాడు. బాపు మొహంలో మంద మొత్తం ఇల్లు చేరిన తృప్తి కనిపించేది.

ఆ నాలుగుకు ఐదోదాన్ని కలపమని బాపును అడగొచ్చు. అడగాలంటే నోరు తెరవాలి. తెరిచినా ఏమని? నా కూతురు గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నది అని ఊరంతా చెప్పుకుంటున్న మనిషితో, 'తోటల ఆట ఆడుకోవాలి బాపూ' అనాలా? అందుకని ఒక పథకం వేశాను. రౌటరుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని మా మండలంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన ఏకైక మనిషిని నేనే అయి ఉంటాను. (చదవడానికి వేరే ఏమీ దొరకని రోజు అది. కథ పలచగా ఉంది గానీ బొమ్మలు బాగున్నాయి.) ఆ బిళ్లల నంబర్లుండే పట్టికను మన ఫోన్లోనే ఎలా తెరవాలో అందులో ఉంది.

ఆదివారం నాలుగింటికి అమ్మ చుట్టాలింటికి పోయింది. బాపు మందతో ఆరు దాటితే గానీ రాడు. బాపును కన్న మా అవ్వ వెనక దొడ్లో మేకపిల్లలతో ఉంది. గేమ్ డబ్బా తీసి మొదట మామూలుగా ప్రయత్నించాను. వైఫై పేరు దొరికింది, పాస్‌వర్డ్ కొట్టాను, గుండ్రంగా తిరిగింది, తిరిగింది, కలపలేకపోయానంది. కేబులాయన మాట నిజమే, బిళ్ల లేదు. సెట్టింగుల్లో వెతికితే డబ్బా బిళ్ల నంబరు కనిపించింది, పన్నెండు అక్షరాలూ అంకెలూ. డైరీలో రాసుకున్నాను. (ఆ డైరీ మొత్తంలో కన్నీళ్లు లేని వాక్యం అదొక్కటే.) తర్వాత స్టూలెక్కి, గంపలో చెయ్యి పెట్టి, రౌటరు కింద అంటించిన కాగితం చదివి, ఫోన్లో పట్టిక తెరిచాను. కేబులాయన తన పిలుపులతోనే రాసుకున్న నాలుగు వరుసలు: మామ ఫోను, అత్త ఫోను (అంటే అమ్మది), చెల్లె ఫోను, టీవీ. మా టీవీ నడిచేది డిష్ మీద. దానికి నెట్టు కలిపే గుణం ఉందని షాపాయన చెప్పాడే గానీ, ఎవరూ ఎన్నడూ కలపలేదు. నెట్టు తాగని గొర్రెకు దొడ్లో జాగా ఎందుకు? దాని నంబరు తీసేసి గేమ్ డబ్బా నంబరు పెట్టాను. పేరు మాత్రం 'టీవీ' అనే ఉంచాను. లెక్క నాలుగే, పేర్లూ అవే. నాలో ఇంత దొంగ ఉందా అని నాకే ఒళ్లు జలదరించింది.

డబ్బా కలిసింది! ఆట తెరుచుకుని, కొత్త సరుకు దింపుకోవాలి, కాస్త ఆగమంది. టైము నాలుగు ముప్పావు. ఆగుతాను, దానికేం. సరిగ్గా అప్పుడే వెనక తలుపు భళ్లున తెరుచుకుంది. గడపలో అవ్వ, చేతినిండా తవుడు, కొంగు జారిపోయి.

"పిల్లా, నెట్టు పోయిందా?"

నా చేతిలోని డబ్బా జారి ఒళ్లో పడింది. గంపలో దయ్యం పెట్టిండు, దాని గాలికి నా తల పలుగుతాంది అని రోజూ బాపును తిట్టే అవ్వ. ఫోను చూసేవాళ్ల కండ్లు పోతాయని అందరినీ శపించే అవ్వ. ఆమె నోట 'నెట్టు' అన్న మాట వినడం, మేక నోట మంత్రం విన్నట్టుంది.

"నెట్టు... నీకెందుకవ్వా?"

"మంచిగున్న నెట్టు మంచిగనే పాయె. గిదేం పుట్టిందో సూడు" అంటూ తవుడు అంటిన చెయ్యి చాపింది. ఆ చేతిలో ఫోను. నా దానికన్నా పెద్దది, నా దానికన్నా కొత్తది.

"గిదెవరిదవ్వా?"

"నాదే. ఎవలిదైతది? మీ మేనత్త పంపింది. తవుడు డబ్బల పెట్టుకుంట. కేబులోనికి మేకపాల చాయ పోసి పోసి, టీవీ పేరు మీద రాయించుకున్న. మీ బాపుకు ఎరుకగాదన్నడు."

నేను పావుగంట కింద చేసి, ఒళ్లు జలదరించేలా మురిసిపోయిన నేరాన్ని మా అవ్వ ఏడాది కిందటే చేసి కూర్చుంది. అదీ అదే టీవీ పేరు మీద. నేను తీసేసింది టీవీని కాదు, మా అవ్వను.

మా మేనత్త నందికొండలో ఉంటుంది. ఆమె కొడుకు పెళ్లిలో బాపును మొదటి బంతిలో కూర్చోబెట్టకుండా రెండో బంతిలో కూర్చోబెట్టారని అక్కాతమ్ముళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు. ఆ ఇంటి పేరెత్తితే బాపు కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అందుకని అవ్వ ప్రతి ఆదివారం సాయంత్రం మేకల దొడ్లో కూర్చుని, తవుడు కలుపుతూ బిడ్డ మొహం చూసుకుంటున్నదట.

"రేపు దానికి కంటి ఆపరేషనే. నాలుగొద్దులు కట్టు గట్టుతరట దవాఖానల. గా కట్టు గట్టకముందు నా మొకం సూస్తనన్నది. ఐదింటికి" అంది అవ్వ.

ఐదింటికి. అవ్వదీ ఐదే, నాదీ ఐదే. అప్పుడు నాకొక గొప్ప త్యాగం తట్టింది. నా ఫోను తీసేసి ఆ జాగా అవ్వకిస్తే? లెక్క నాలుగే ఉంటుంది, డబ్బా ఉంటుంది, అవ్వా ఉంటుంది. ఉద్వేగంలో ముందు నా ఫోను నంబరు మీద నొక్కి తీసేశాను. పట్టిక మాయమైంది. మళ్లీ తెరిస్తే రాలేదు. అప్పుడు అర్థమైంది: పట్టిక తెరవాలన్నా లోపల ఉండాలి. నేను దొడ్లోంచి బయటికి నడిచి, లోపలి గడియ పెట్టేసుకున్నాను. ముందు అవ్వను లోపలికి తెచ్చి, ఆ తర్వాత నేను బయటికి రావలసింది. (పుస్తకాలు చదివి బతికేవాళ్ల త్యాగాల్లో వరుస తప్పుతుంది.) వైఫై ఉండగా వేరే నెట్ ప్యాకులు దండగ అని బాపు ఎవరికీ వేయించలేదు. మా ఫోన్లలో మాటలు తప్ప వేరే ఏమీ నడవదు. ఇప్పుడు ఇంట్లో నెట్టున్నది ఒక్క గేమ్ డబ్బాకే.

"గా డబ్బల మీ అత్త కనవడదా?" అని ఆశగా అడిగింది అవ్వ.

"కనపడదవ్వా. దీంట్ల తోట మాత్రమే ఉంటది."

"తోటేందే?"

చెప్పాను. పోచంపల్లి, గేటు, లైటు, చీటీ, అంతా. అవ్వ నోరు తెరుచుకుని విన్నది. "ఒక్క మాట చెప్పనీకి గిన్ని తిప్పలా? నోట్ల నాలిక లేదా నీకు?" అంది. తర్వాత తన చేతిలోని ఫోను వైపు చూసుకుని తనే ఊరుకుంది.

అమ్మ ఫోను అమ్మతోనే పోయింది. ఇక పట్టిక తెరవగలిగేది బాపు ఫోను ఒక్కటే. ఐదుకు ఎనిమిది నిమిషాలుంది. ఆ రోజు దాకా నా అంతట నేను ఎవరికీ ఫోన్ చేసింది లేదు. కళ్లు మూసుకుని బాపు నంబరు నొక్కాను. రింగయింది. నా చెవిలోనూ అయింది, మా దొడ్డి వెనక గోడ అవతల కూడా అయింది.

అవ్వా నేనూ మొహాలు చూసుకున్నాం. చేస్తూనే ఉన్నాను, గోడ అవతల మోగుతూనే ఉంది. ఇద్దరం చుట్టూ తిరిగి వెళ్లి చూశాం. బోర్లించిన గంప మీద, గోడకు వీపు ఆనించి, మోగుతున్న ఫోను జేబులో గొంతు నొక్కుతూ బాపు. కాస్త దూరంలో తుమ్మల కింద మంద మేస్తున్నది. మమ్మల్ని చూడగానే గొర్ల దొంగలాగా లేచి నిలబడ్డాడు.

"నువ్వీడేం జేస్తున్నవ్‌రా?" అంది అవ్వ.

"నీడకు గూసున్న."

"ఈడ నీడేడున్నదిరా? ఎండ సక్కగ మొకం మీదనే కొడుతుంటే?"

బాపు చేతికర్రతో నేల మీద గీతలు గీశాడు. "స్పీకరు పెట్టుడు నేర్చుకున్నవ్ గద నువ్వు. అక్క గొంతు ఈడికి మంచిగ ఇనవడ్తది" అన్నాడు మెల్లగా. ఏడాదిగా ఆదివారాలు మంద ఊరి దగ్గరే ఎందుకు మేస్తుందో అప్పుడు తెలిసింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపే మళ్లీ అడిగాడు, చిన్నపిల్లవాడిలాగా: "ఎప్పుడు ఈపాటికి మాట్లాడుతుంటరు గద, ఇయ్యాల ఎందుకు ఇనవడ్తలేదు?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా జన్మలో అంత పొడుగు వాక్యం ఊపిరి తీసుకోకుండా చెప్పింది లేదు. టీవీ తీసేసిన సంగతి, డబ్బా పెట్టిన సంగతి, నన్ను నేనే తోసేసుకున్న సంగతి, రేపటి కంటి ఆపరేషన్ సంగతి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బాపు ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

"ముందుగాల మీ అవ్వది కలుపు."

కలిపాను. తర్వాత నాది. "లెక్క ఐదైతది బాపూ. నా డబ్బ తీసేస్తా" అన్నాను. బాపు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరి పెండ్లికి పోయి తినకుంటనే తిరిగొచ్చినవో గా పిల్లదేనా ఇది?" "నీకెట్ల ఎరుక బాపూ?" అన్నాను. "పెండ్లిల తిన్నోళ్లు ఎవలన్న ఇంటికొచ్చి రెండుమార్లు అన్నం పెట్టుకుంటరా? ఉండనీ, ఐదే జెయ్యి" అన్నాడు.

అవ్వ ఫోన్లో మేనత్త మొహం వచ్చింది. బాపు తెరకు కనిపించకుండా పక్కకు జరిగాడు గానీ దగ్గు ఆగలేదు. "ఎవరే అమ్మా పక్కన?" అంది మేనత్త. "ఎవలున్నరు బిడ్డా, టీవీ" అంది అవ్వ. మేనత్త తెరకు దగ్గరగా జరిగి, "టీవీకి చుట్టలు తక్కువ జెయ్యిమని చెప్పు" అంది. బాపు ఆకాశం వైపు చూస్తూ, "కట్టు ఇప్పిన్నాడు వస్తనని చెప్పు" అన్నాడు. నేను ఇక అక్కడ ఉండలేదు, లోపలికి పరుగెత్తాను.

ఐదు దాటి పన్నెండు నిమిషాలు. ఆట తెరిచి రేడియో తోటకు పోయాను. ఆమె బొమ్మ తోట గేటు దగ్గర నిలబడి ఉంది. అందులో తెలుగు అక్షరాలు లేవు, మీటతో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం దగ్గరికీ నడుచుకుంటూ పోయి నొక్కాలి. 'తప్పయింది' అని రాసేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆమె ముక్కలు ముక్కలుగా రాసి పంపింది: 'నువ్వు గేటు దాకా వచ్చుడు నేను కిటికీల నుంచి చూసిన. లోపలికొస్తవని జడ ఏసుకోకుండ కూసున్న. అందరు తిట్టిన్రు.' నేను వచ్చి పోయిన సంగతి ఎవరికీ తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. డైరీలోని పదమూడు క్షమాపణల్లో ఏదీ ఈ కిటికీకి సరిపోదు. ఒక్కో అక్షరం వెతుకుతూ ఏదో మొదలుపెట్టాను, తుడిచాను, మళ్లీ మొదలుపెట్టాను. 'మళ్ల పోయినవా? సరే, నేను గూడ పోతున్న' అని వచ్చింది. ఆమె బొమ్మ నాకు వీపు తిప్పి, తోటలోకి నడవసాగింది.

డబ్బా మంచం మీద పడేసి ఫోను అందుకున్నాను. ఆమె నంబరు నాకు నోటికి వచ్చు. రెండు నెలలుగా నొక్కకుండా వల్లె వేసుకున్న నంబరు. రెండో రింగుకే ఎత్తింది. ఎత్తి, ఏమీ మాట్లాడలేదు. మూడేళ్లలో మొదటిసారి రేడియో మౌనంగా ఉంది, ఇక నేనే మాట్లాడాలి. "లైటు జూసి బయపడ్డనే" అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో గుర్తులేదు. ఏడుపూ మాటా కలిసి చాలాసేపు నేనే మాట్లాడాను, ఆమె ముక్కు చీదుకుంటూ వింటూ పోయింది. చివరికి, "మ్యూటూ, ఇంత మాట్లాడుతవని ఎరుకుంటే రెండు నెలలు అలిగేదాన్నే గాదు" అంది.

ఆనాటి మ్యూటు పిల్ల నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుకొస్తుంది. స్నేహితురాలికి పది అంకెలు నొక్కడానికి భయపడి, పన్నెండు అక్షరాల నంబరు పట్టుకుని, స్టూలెక్కి, సొంత ఇంటి వైఫైకి కన్నం వేసి, కన్నతండ్రినీ అవ్వనూ గోడకు అటూ ఇటూ పట్టించిన పిల్ల. ఇప్పుడు ఎక్కడైనా ఎదురుపడితే, 'ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా పిచ్చిదానా' అనాలనిపిస్తుంది. అంటే తల వంచుకుని, బొటనవేలితో నేల గీస్తూ నిలబడుతుంది, నాకు తెలుసు. అందుకని ఏమీ అనను. పక్కన చోటు చూసుకుని కాసేపు ఊరికే కూర్చుంటాను. ఆమె తనంతట తాను నోరు తెరిచే దాకా ఎంతసేపైనా ఆగగలను.